జల్లెడలో మన్ను

కిందటి దసరా నాటి మాట. అరిసెలకని బియ్యం నానబోసి, నీళ్ళు వాడ్చి, పిండి పట్టించుకొచ్చాను. తడిపిండి ఆరిపోకముందే జల్లించుకోవాలని మీకు నేను చెప్పాలా! తీరా చూస్తే వంటింట్లో మేకుకు వేలాడాల్సిన జల్లెడ లేదు. అటక మీద చూశాను, పిండిడబ్బా వెనక చూశాను, లేదు. పెరట్లోకి వెళ్ళి చూద్దును కదా, హైదరాబాదు నుంచి సెలవులకొచ్చిన మా అమ్మాయి కరివేపాకు చెట్టు కింద గొంతుక్కూచుని, నా జల్లెడలో మన్ను పోసి జల్లిస్తోంది!

"ఓసి నీ చదువు పాడుగానూ! పండగపూట పిండి జల్లెడలో మన్ను పోస్తావా?" అన్నాను.

"అమ్మా, ఒక్క పది నిమిషాలు ఆగవే. ఇట్లాంటి సన్నకన్ను జల్లెడ ఇంకోటి లేదు ఇంట్లో" అంది తలెత్తకుండానే.

దాని పక్కన మూడు హార్లిక్స్ సీసాలున్నాయి. మూడింటికీ కాగితాలు అంటించి ఉన్నాయి. ఒకదానిమీద గద్వాల, ఒకదానిమీద వనపర్తి, ఇంకోదానిమీద నాగర్‌కర్నూల్. అన్నింట్లోనూ మన్నే! అప్పుడర్థమైంది నాకు. హైదరాబాదు నుంచి నేరుగా ఇంటికి రాకుండా నాగర్‌కర్నూల్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో ఒకరోజు, వనపర్తిలో మా అమ్మ దగ్గర రెండు రోజులు ఉండి వచ్చింది. అత్తమీద, అమ్మమ్మమీద ఎంత ప్రేమో నా బిడ్డకు అని మురిసిపోయాను. ప్రేమ వాళ్ళమీద కాదు, వాళ్ళ పెరట్లో మన్నుమీదన్నమాట!

మావారు గడపలో నిలబడి నవ్వుతున్నారు. "2016లో మన పాలమూరు జిల్లాను చీల్చి వేరే జిల్లాలు చేసిండ్రు. నీ బిడ్డ వాటిని మళ్ళీ ఒక్క జల్లెడలో కలుపుతున్నది, చూడు" అన్నారు.

"కలపకూడదు నాన్నా! అందుకే మూడు సీసాలు" అంది అది గంభీరంగా.

మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరం. నత్తలమీద దానికి ఎప్పుడు మనసు పడిందో నాకు తెలీదు. వాళ్ళ మేడం పిల్లలందరికీ ఎవరి ఊరి మన్ను వాళ్ళు తెచ్చి అందులో ఉండే చిన్న నత్తలను ఏరి చూడమని చెప్పిందట. నల్లమల అడవి దాకా పోతే ఇంకా బాగుండేదట గానీ, అమ్రాబాద్ పులుల రిజర్వులో అటవీశాఖ అనుమతి లేకుండా మన్ను కూడా ముట్టకూడదట. అందుకని పెరళ్ళతో సరిపెట్టుకుంది. నేను లోలోపల ఆ అటవీశాఖకు దండం పెట్టుకున్నాను.

ఆరోజు పక్కింట్లో జల్లెడ అడిగి తెచ్చుకుని అరిసెలు కానిచ్చాను. సాయంత్రం చూద్దును కదా, అది ఆరబెట్టిన మన్నును బకెట్ నీళ్ళలో పోసి కలుపుతోంది. మన్ను అడుక్కి దిగింది. పుల్లా పుడకా, ఎండుటాకుల పొడి, వాటితోబాటు ఏవో తెల్లతెల్లని నలుసులు పైకి తేలాయి. వాటిని టీ వడపోసే జాలితో తీసి పేపరుమీద పరిచింది.

"గుల్ల లోపల గాలి ఉంటుందమ్మా. అందుకే తేలుతుంది. మన్ను మునుగుతుంది" అంది.

నాకు నవ్వొచ్చింది. ఇదేం పెద్ద విద్య? నువ్వులు గాలించడమే కదా! నువ్వులు గాలిస్తే రాయి అడుక్కి పోతుంది, గింజ చేతికొస్తుంది. ఇదీ అంతే. నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనిని ఎమ్మెస్సీలో నేర్పుతున్నారన్నమాట!

ఆమాటే అన్నాను. అది నా ముఖం వంక చూసి, "అయితే నువ్వే ఏరి పెట్టరాదూ! నీకు బియ్యంలో రాయి ఏరిన కళ్ళున్నయి. మా క్లాసులో ఎవరికీ లేవు" అంది.

పిల్లలు పెద్దయ్యాక మనల్ని మెచ్చుకునేది ఎప్పుడో గానీ జరగదు కదండీ. పొంగిపోయాను. కళ్ళజోడు పెట్టుకుని కూచున్నాను. అది నాకో భూతద్దం, బొమ్మలు గీసే సన్న కుంచె, తెల్ల పింగాణీ పళ్ళెం ఇచ్చింది. కుంచె కొసను తడిపి ఒక్కొక్క నలుసునూ ఎత్తాలి. వేళ్ళతో ముడితే చిట్లిపోతుంది.

మా అత్తమ్మ వక్కాకు వేసుకుంటూ అరుగుమీంచి చూస్తోంది. "ఏందే ఇది? ఆడపిల్ల మన్నుల కూసోని నత్తలు ఏరుకునుడేంది? రేపు అత్తగారింటికి పొయ్యే పిల్ల!" అంది.

"నానమ్మా, నీ ఆకుమీద రాసిన సున్నం, ఈ నత్తగుల్ల, నువ్వు కూచున్న షాబాదు బండ, అన్నీ ఒకే సరుకు తెలుసా? అన్నిట్లో కాల్షియమే" అంది అమ్మాయి.

నిజమేనండోయ్! మా వంటింటి బండమీద నిమ్మరసం ఒలికితే తెల్లగా మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. పులుపు సున్నపురాయిని తింటుందన్నమాట. నత్త గుల్ల కట్టుకోవాలంటే ఆ సున్నం మన్నులోంచో, రాతిలోంచో, తినే తిండిలోంచో రావాలి. అందుకే సున్నపురాతి గుట్టలున్న చోట నత్తలు రకరకాలుగా ఉంటాయట. చైనాలో, వియత్నాంలో, మలేషియాలో అట్లాంటి గుట్టల మొదట్లోని మన్నులోనే ప్రపంచంలోకెల్లా చిన్న నత్తలు దొరికాయట.

ఏరుతూ ఉంటే అది కథలు చెప్పింది. మీతోనూ చెప్పాలనిపిస్తోంది.

2015లో చైనాలోని గ్వాంగ్సీ అనే ప్రాంతంలో సున్నపురాతి కొండ కింద మన్ను ఎత్తి జల్లిస్తే ఒక నత్తగుల్ల దొరికింది. ఎత్తు 0.86 మిల్లీమీటరు. అంటే మన గసగసం గింజకన్నా ఒక పిసరు చిన్నదే అనుకోండి. సూది బెజ్జంలో ఒకేసారి పది గుల్లలు పట్టేంత! బతికున్న నత్తను వాళ్ళు చూడనేలేదు, ఖాళీ గుల్లను చూసే అది ఇంతవరకూ లోకానికి తెలియని జాతి అని పట్టేశారు. దానికి అంగుస్టోపిలా డొమినికే అని పేరు పెట్టారు. ఈ డొమినికా ఎవరంటే, ఆ పరిశోధన చేసిన హంగరీ శాస్త్రజ్ఞుడు బార్నా పాల్-గెర్గెలి భార్య!

"పెళ్ళాం పేరు నత్తకు పెట్టిండా!" అని మా అత్తమ్మ ముక్కుమీద వేలేసుకుంది.

"నీ పేరు కూడా పెట్టిద్దాంలే" అన్నారు మావారు నావంక చూసి. "కాకపోతే బజారుకు పోయొచ్చేటప్పుడు నీ నడక చూసి పెట్టిండ్రనుకుంటరు జనం."

చూశారా, ఎక్కడ దొరికితే అక్కడ అంటించడమే!

ఆ చైనా నత్త పేరు మోగుతుండగానే, అదే సంవత్సరం బోర్నియో దీవిలో ఇంకా చిన్నది, 0.7 మిల్లీమీటరు నత్త బయటపడింది. దానికి అక్మెల్లా నానా అని పేరు. నానా అంటే మరుగుజ్జు. 2022లో వియత్నాం గుహలోని మన్నులో దానికన్నా చిన్నది దొరికింది. అంగుస్టోపిలా సామ్మియాన్. ఎత్తు అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. బొంబాయి రవ్వ పలుకంతన్నమాట. గ్రీకు భాషలో ఆ పేరుకి ఇసుకరేణువు అని అర్థమట.

"మనదేశంలో లేవా ఇట్లాంటివి?" అన్నాను నేను. ఇంతసేపూ చైనా, వియత్నాం అంటుంటే నాకు రోషం వచ్చింది.

"ఎందుకు లేవు! మేఘాలయలో చిరపుంజి దగ్గర మాస్మాయ్ గుహ ఉంది. కరెంటు దీపాలు పెట్టి యాత్రికులకు చూపిస్తరు. ఆ గుహలో రెండు మిల్లీమీటర్లు కూడా లేని నత్తను బెంగుళూరు అట్రీ సంస్థకు చెందిన నిపు కుమార్ దాస్, అరవింద్ అనే ఇద్దరు పట్టుకున్నరు. 2021లో జియోరిస్సా మాస్మాయెన్సిస్ అని పేరు పెట్టిండ్రు. దాని దగ్గరి బంధువును 1851లో బెన్సన్ అనే తెల్లదొర ఆ కొండల్లోనే కనుక్కున్నడు. మధ్యలో 170 సంవత్సరాలు గడిచిపోయినయి."

వేలమంది పర్యాటకులు నడిచివెళ్ళే గుహలో, ఒక్కరి కంటా పడకుండా!

ఈ బెన్సన్ దొర గురించి ఇంకోమాట. వానాకాలం కొన్ని ఊళ్ళలో అరచేతికన్నా పెద్ద నత్తలు గోడలెక్కి, బొప్పాయి, అరటి, ఆకుకూరలు ఏదీ వదలకుండా తినేస్తాయి చూడండి, ఆఫ్రికా నత్తలంటారు, వాటిని 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చింది ఈయనే! తెచ్చి స్నేహితుడికి ఇచ్చి వెళ్తే, ఆయన తోటలో వదిలాడట. అవి దేశంలో చాలా చోట్లకు పాకిపోయాయి. చిన్ననత్తకు పేరుపెట్టిన చేతులే పెద్దనత్తను తెచ్చి మన నెత్తిన పెట్టాయన్నమాట.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొత్తిమీర మడిలో నత్త కనిపిస్తే పిడికెడు ఉప్పు తెచ్చి చల్లడం నాకు అలవాటు. చిన్నదా పెద్దదా అని చూసేదాన్ని కాదు. అవి నురగలు కక్కి చస్తుంటే 'పీడ వదిలింది' అనుకునేదాన్ని. నిజానికి మన్నులో ఉండే ఈ గసగసాల నత్తలు మన కొత్తిమీర జోలికి రావట. కుళ్ళిన ఆకు, బూజు, పాచి తిని బతుకుతాయట. పైగా ఉప్పు పోస్తే మడిలో మన్ను చెడిపోతుంది, ఆపైన కొత్తిమీరే మొలవదు. ఆఫ్రికా నత్త మీ పెరట్లోకి వస్తే మాత్రం ఊరుకోకండి. ఉత్తచేత్తో ముట్టుకోకుండా కవరో గ్లౌజో తొడుక్కుని ఏరి, బకెట్లో ఉప్పునీళ్ళు పోసి అందులో వేయండి. దాని ఒంట్లో మనిషి మెదడుకు హానిచేసే పురుగు ఉండవచ్చు. ఆకుకూరలను రెండు మూడు నీళ్ళల్లో కడగండి.

సరే, ఏరుడు సంగతి. మూడోరోజు పొద్దున వనపర్తి సీసా ముందు పెట్టుకున్నాను. ఆ మన్ను మా పుట్టింటి పెరట్లోది. పాత మట్టిగోడ మొదట్లో, చిన్నప్పుడు నేను అచ్చనగాయలాడుకున్న చోట ఎత్తిందట. ఆ గోడ వెనక కూచునే నేను ఇంటర్ సైన్సు పుస్తకాలు చదువుకున్నాను. కప్పను కోసే ప్రాక్టికల్లో మా కాలేజీలో నాకే ఎక్కువ మార్కులు. డిగ్రీలో బి.జెడ్.సి. తీసుకోవాలని ఫారం కూడా తెచ్చుకున్నాను. ఆ ఎండాకాలం గద్వాల నుంచి సంబంధం వచ్చింది. ఫారం ఏమైందో నేను వెతకలేదు, ఎవరూ అడగలేదు. మావారు మంచివారు, అత్తమ్మ మంచిది, నాకేమీ లోటు లేదు. ఎందుకో ఆ మన్ను పళ్ళెంలో పోసుకునేసరికి ఆ ఫారం గుర్తొచ్చింది, అంతే.

ఆ సీసాలోనే అది దొరికింది. ఆవగింజలో సగం కూడా లేదు. తెల్లగా, అద్దంలా, లోపల వెలుగు కనపడేంత పల్చగా ఉంది. భూతద్దంలో చూస్తే చక్కగా జిలేబీలా చుట్టు. ఇట్లాంటిది అప్పటిదాకా మూడు సీసాల్లోనూ లేదు.

"అమ్మాయ్!" అని అరిచాను. అరిసెలు మాడాయేమో అని అందరూ పరిగెత్తుకొచ్చారు.

అది సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసి వాళ్ళ మేడంకు పంపింది. ఫొటోతో తేలదు, మైక్రోస్కోపు కింద చూడాలి, తీసుకురా అని జవాబొచ్చింది. దూదిలో చుట్టి, ఖాళీ మాత్రల డబ్బాలో పెట్టి, ఏ ఊరు, ఏ తేదీ, ఏ గోడ కింద, ఎవరు ఏరారు అన్నీ కాగితంమీద రాసింది. ఏరినవారు అన్నచోట నా పేరు రాసింది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. గ్యాసు బుక్కులోనూ, కరెంటు బిల్లులోనూ, ఇంటి కాగితాల్లోనూ మావారి పేరే ఉంటుంది. ఆ చిన్న కాగితం చాలాసేపు చూశాను.

"కొత్త జాతి అంటే ఎట్లా తేలుస్తరు?" అన్నాను.

"మన చీరల లెక్కనే అనుకో" అంది.

గద్వాల ఆడవాళ్ళకు చీర గురించి చెప్పనక్కర్లేదు కదా. ఒళ్ళు నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. కుప్పడం నేతలో అంచునూ ఒంటినీ పోగుపోగుకూ మెలివేసి కలుపుతారు. షాపువాడు ఎంత చెప్పినా మేం చీరను తిరగేసి ఆ అతుకు చూసిగానీ నమ్మం. నత్తలనూ అంతేనట. ఎత్తెంత, వెడల్పెంత, ఎన్ని చుట్లు, చుట్టుమీద గీతలున్నాయా, నోరు గుండ్రమా కోలా, నోటి లోపల పళ్ళలాంటి మొటిమలున్నాయా, పెదవి మందంగా మడత పడిందా అన్నీ కొలిచి రాయాలి. మాస్మాయ్ నత్తను దాని బంధువు నుంచి వేరుచేసింది గుల్లమీది గీతల లెక్కేనట. దీనికి నాలుగు, దానికి ఏడు!

అంతకుముందు పేరుపెట్టిన జాతులన్నిటితోనూ పోల్చాలి. మనదేశంలోనే వెయ్యికి పైగా నేలనత్తల జాతులున్నాయి. తెల్లదొరలు 1908 నుంచి 1921 దాకా మూడు సంపుటాలు రాసిపెట్టారు. అవన్నీ తిరగెయ్యాలి. ఒక్క గుల్లను మూల నమూనాగా ఎంచి మ్యూజియంలో భద్రపరచాలి. ఆ జాతి అంటే ఇదీ అని రేపు ఎవరైనా వచ్చి పోల్చుకోవడానికి. అప్పుడు వర్ణన అచ్చువేయాలి. అచ్చయ్యాకే దానికి పేరు పుట్టినట్టు.

"ఇంత చేసి ఏం లాభం బిడ్డా? ఉప్పుకా, పప్పుకా?" అంది మా అత్తమ్మ.

అప్పుడది చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మనసులోంచి పోలేదు. మలేషియాలో బుకిట్ పాంచింగ్ అని ఒక సున్నపురాతి గుట్ట ఉండేదట. ప్లెక్టోస్టోమా సియాఫిలమ్ అనే చిన్న నత్త ఆ ఒక్క గుట్టమీదే ఉండేది, లోకంలో ఇంకెక్కడా లేదు. రాయికోసం తవ్వి తవ్వి 2003 నాటికి గుట్టంతా మాయం చేశారు. గుట్ట ఉన్నచోట ఇప్పుడు నీళ్ళ మడుగు. నత్త లేదు. పోయింది. అదే దేశంలో ఇంకో గుట్టమీద దొరికిన నత్తకు 2014లో శాస్త్రజ్ఞులు ఆ గుట్టను తవ్వుతున్న సిమెంటు కంపెనీ పేరే పెట్టారట. దాన్ని కాపాడే పూచీ నీదే అని గుర్తుచెయ్యడానికి!

"మన పాలమూరు మనుషులు కరువొస్తే బొంబాయి పోయిండ్రు, పూనా పోయిండ్రు. నత్త ఎక్కడికి పోతది నానమ్మా? ఎండాకాలం నోటికి జిగురుపొర కట్టుకుని గోడకు అంటుకుని కూచుంటది, వాన పడేదాకా. గుట్టే పోతే ఇక అంతే. పోయిందని చెప్పాలన్నా ముందు దానికో పేరుండాలె కదా. పేరు లేనోళ్ళకు రేషన్ కార్డు కూడా ఇయ్యరు" అంది.

అత్తమ్మ ఏమీ అనలేదు. వక్కాకు నములుతూ కూచుంది.

పండగ వెళ్ళిన నాలుగోనాటికి సంబంధం వచ్చింది. అబ్బాయి బ్యాంకు ఉద్యోగి, బుద్ధిమంతుడు. వాళ్ళు మా వదినెకు దగ్గరివాళ్ళు. కార్తీకంలో పెళ్ళి పెట్టుకుందామన్నారు. నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. ఇంతకన్నా ఏం కావాలి? పిల్లను చూడ్డానికి వచ్చేరోజు పొద్దున సీసాలన్నీ అటక ఎక్కించి, "ఆ నత్తల సంగతి వాళ్ళ ముందు ఎత్తకు తల్లీ" అని మరీమరీ చెప్పాను.

వాళ్ళొచ్చారు. మంచివాళ్ళే, పేరుపెట్టడానికి లేదు. అబ్బాయి తల్లి దాన్ని దగ్గర కూచోబెట్టుకుని, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని ప్రేమగా అడిగింది.

అది నావంక చూసింది. నోరు తెరవలేదు.

మూడురోజులపాటు చైనా గురించీ, బోర్నియో గురించీ నోరు మూయకుండా చెప్పిన పిల్ల! పుల్లతో తాకితే నత్త ఎట్లా గుల్లలోకి ముడుచుకుంటుందో మీరు చూసే ఉంటారు. అట్లా ముడుచుకుంది. నేనే అందుకుని, "జువాలజీ అండీ, ఈ ఏటితో అయిపోతుంది" అన్నాను. "మంచిది. తర్వాత బి.ఎడ్. చేసుకుంటే ఊళ్ళోనే టీచరు పనికి పోవచ్చు" అంది ఆవిడ. ఆమాటలో తప్పేమీ లేదు. మావారూ టీచరే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడో వనపర్తిలో మా అమ్మ కూడా నా బదులు ఇట్లాగే జవాబు చెప్పింది. నేనూ ఇట్లాగే ముడుచుకున్నాను.

వారం తర్వాత హైదరాబాదు నుంచి అది ఫోన్ చేసింది. మేడం మైక్రోస్కోపులో చూసిందట. ఈలోగా నేను ఊరుకున్నానా? పక్కింటావిడకు చెప్పాను, పాలబ్బాయికి చెప్పాను, నాగర్‌కర్నూల్‌కు ఫోన్ చేసి మా ఆడబిడ్డకు చెప్పాను, వనపర్తి నత్తకు నా పేరు పెడతారని!

"అమ్మా, అది కొత్త జాతి కాదు. మామూలు నత్త పిల్ల. రెండున్నర చుట్లే ఉన్నయి, పెదవి కట్టలేదు. ఎదిగిన నత్తకు పెదవి గట్టిపడుతది. పిల్లదానికి అంచు కాగితంలా పల్చగా ఉంటది. కొత్తగా ఏరేవాళ్ళందరూ పిల్లల్ని చూసి చిన్నజాతి అనుకుని మోసపోతరట" అంది.

నా ఉత్సాహం చప్పున చల్లారిపోయింది. "మరి ఆ నాగర్‌కర్నూల్‌ది? సూదిలాగ పొడుగ్గా ఉన్నది?"

"అది ఎదిగిందే. కానీ దానికి ఎప్పుడో పేరుంది. అలోపియాస్ గ్రాసిలే. లోకంలో ఎన్నో దేశాల పెరళ్ళల్లో కనపడుతదట."

"అయ్యో, నీ కష్టమంతా వృథా అయిందే తల్లీ!" అన్నాను.

"వృథా ఎందుకమ్మా? ఏ ఊళ్ళో ఏముందో రాసుకున్నం కదా. మేడం నీ కాగితం చూసి, ఇంత చిన్న పిల్లగుల్లను చిట్లకుండా ఏరింది ఎవరు అని అడిగింది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంకో నాలుగు సీసాలు పడదాం" అని నవ్వింది.

ఆ నవ్వు విన్నాక నాకు తెలిసింది. ఈ పిల్ల పేరుకోసం చేయటంలేదు. ఇది ఆగే పని కాదు. నేను ఆపితే మాత్రం ఆగుతుంది. ఎందుకంటే ఆరోజు నావంక చూసి నోరు మూసుకుంది కదా!

"ఆ రీసెర్చి పరీక్షలేవో రాస్తానన్నావు కదా. రాస్తున్నావా?" అన్నాను.

అటువైపు కాసేపు మాట లేదు. "పెళ్ళి కుదిరితే ఎట్లా రాయను?" అంది చిన్నగా.

"రాయి. ఇక్కడి సంగతి నేను చూసుకుంట" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో మావారిని అడక్కుండా నేను చెప్పిన మొదటి పెద్దమాట అదేనేమో!

రాత్రి అన్నం వడ్డిస్తూ మావారితో చెప్పాను. చాలాసేపు ఆయన పళ్ళెం వంకే చూశారు. "అబ్బాయి మంచోడు. మళ్ళీ ఇట్లాంటి సంబంధం వస్తదన్న నమ్మకం లేదు" అన్నారు. నేనూ కాదనలేదు. ఆమాట నిజమే. మూడేళ్ళు ఆగమని వాళ్ళను అడిగి చూశాం. వాళ్ళు ఆగలేమన్నారు. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళబ్బాయి వయసు వాళ్ళది. మా వదినె మాత్రం ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటంలేదు. "నత్తలకోసం బంగారంలాంటి సంబంధం కాలదన్నుకుంది" అని అందరితో అంటోందట. ఒక్కోసారి అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు నాకూ గుబులు వేస్తుంది. పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. రేపు సీటు రాకపోతే? వచ్చినా అంత చదివిన పిల్లకు తగిన వరుడు దొరకకపోతే? ఈ భయాలకు నా దగ్గర మందు లేదు.

అయితే ఒకమాట. ఆమధ్య సంత నుంచి వస్తూ మావారు చేతిలో కాగితం పొట్లం పట్టుకొచ్చారు. విప్పి చూస్తే సన్నకన్ను జల్లెడ! "పిండిది వేరు, మన్నుది వేరు ఉండాలె కదా" అన్నారు ఎటో చూస్తూ. రెండూ కలిసిపోకుండా దానిదానికి ఎర్రదారం కట్టి పక్కమేకుకు తగిలించాను. మా అత్తమ్మేమో, వక్కాకు సున్నం డబ్బా ఖాళీ అయితే పారేయకుండా కడిగించి దాచింది. "పిల్లకు నత్తలేసుకోను పనికొస్తది" అందట!

వానలు పడగానే మీ పెరట్లోనూ గోడ మొదట్లో ఎండుటాకులు తడిసి ముద్దవుతాయి. ఊడ్చి పారేసే ముందు ఒక గుప్పెడు తీసి తెల్లపళ్ళెంలో ఆరబోసి, భూతద్దంతో చూడండి. బియ్యంలో రాయి ఏరిన కళ్ళు కదా మనవి, ఏదో ఒకటి కనపడకపోదు. కొత్త జాతి దొరుకుతుందని మాత్రం పాలబ్బాయికి ముందే చెప్పకండి. నాలాగా నవ్వులపాలవుతారు!